వినిపించిన పేరా, అచ్చుకాని పేరా

ఇలాంటివి సాధారణంగా అరవై దాటినవాళ్ళు రాస్తారు. నాకు ముప్పై రెండు. వదిలేసిన పనిలోకి మళ్ళీ వెళ్ళను కాబట్టి నా మటుకు ఇది విరమణే. ఎనిమిదేళ్ళు ఢిల్లీలో ఇతరుల కోసం రాశాను. ఉపన్యాసాలు, సంతాప సందేశాలు, ముందుమాటలు, చివరికి ఒక పెద్దమనిషి పుస్తకం. వాటిలో దేని మీదా నా పేరు లేదు. ఉండకూడదు కూడా. అది ఈ పని నియమం.

పోయిన నెల ఒక అమ్మాయి ఫోన్ చేసింది. సివిల్స్ మూడుసార్లు రాసి, ఇక చాలనుకుని, నేను చేసినటువంటి పనిలోనే చేరిందట. "దీదీ, ఏం నేర్చుకోవాలో కాస్త చెప్పండి. టిప్స్ లాగా" అంది. ఫోన్లో నాకు మాటలు సరిగ్గా రావు. రాసి పంపుతానన్నాను. సెలవులెలా అడగాలి, పైవాళ్ళని ఎలా మంచి చేసుకోవాలి అన్నవి ఇందులో లేవు. అవి నాకూ తెలియవు. నేను చేసిన తప్పు ఒకటి ఉంది. అది చెబుతాను.

కరోల్ బాగ్ మేడ మీద

నేనూ అందరిలాగే కోచింగ్ కోసం వచ్చినదాన్నే. రాతపరీక్ష ఒకసారి గట్టెక్కాను కానీ ఇంటర్వ్యూలో ముగ్గురు మనుషులు ఒకేసారి నా వైపు చూసేసరికి తెలిసిన జవాబు కూడా గొంతులోనే ఉండిపోయింది. ఇంటికి తిరిగి వెళ్ళడానికి మొహం చెల్లక కరోల్ బాగ్‌లో ఒక మేడ మీది ఆఫీసులో చేరాను. అక్కడ నాయకులకీ సంఘాల అధ్యక్షులకీ ఉపన్యాసాలు రాసి ఇచ్చేవాళ్ళం. నడిపేది రావు గారని, అనువాదకుడిగా రిటైరైన తెలుగాయన. మొదటి రోజే అన్నారు:

"నోరు వాళ్ళది, నాలుక మనది. నీకు మాట్లాడటం రాదన్నావు కదా, మరీ మంచిది. ఎక్కువ మాట్లాడేవాళ్ళు నాకు రాసేవాళ్ళుగా పనికిరారు."

ఆ మాట నాకు పెద్ద ఊరట. నోరు విప్పకుండా బతకగలిగే పని ఒకటి ఉందని తెలిసింది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఊరటే నన్ను చెడగొట్టింది.

అక్కడ చేసిన ఒక పొరపాటు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. ధైర్యం గురించి నేను రాసిన ఒక పేరా రావు గారికి బాగా నచ్చింది. ఉడుకు రక్తం గురించీ, తల వంచని తరం గురించీ ఉంటుంది అందులో. దాన్నే రెండు మూడు ఉపన్యాసాల్లో అటూ ఇటూ మార్చి వాడేదాన్ని. ఒక ఆదివారం ఇద్దరు వక్తలు ఒకే వేదికనెక్కారు. ఇద్దరి కాగితాలూ మావే. మొదటాయన పేరా మొత్తం చదివారు. పావుగంట తర్వాత రెండో ఆయన లేచి అదే పేరా చదవడం మొదలుపెట్టారు. నేను వెనక వరసలో కుర్చీలోకి కుంచించుకుపోయాను. హాలంతా చప్పట్లు కొట్టింది, మొదటాయనతో సహా.

మర్నాడు భయపడుతూ చెబితే రావు గారు పకపకా నవ్వారు. "వినుంటే కదమ్మా గుర్తుపట్టేది! ఆ మొదటాయన కూడా చదివాడే గానీ విన్లేదు."

ధైర్యం గురించిన మాటలు ఎవరూ వినరని ఆ రోజు తీర్మానించుకున్నాను. అది తప్పుడు పాఠం. నాలుగేళ్ళ తర్వాత సాకేత్‌లో వినే మనిషి ఒకాయన తగిలారు.

సాకేత్‌లో ఉదయాలు

ఆయన్ని ఇక్కడ పెద్దాయన అనే అంటాను. ఒకప్పుడు రాష్ట్రంలో మంత్రి, తర్వాత కేంద్రంలో మంత్రి. నేను వెళ్ళేసరికి ఎనభై ఆరేళ్ళు. ప్రభుత్వ బంగళా ఎప్పుడో ఖాళీ చేసి సాకేత్‌లో కూతురి ఫ్లాట్‌లో ఉంటున్నారు. చూపు దాదాపు పోయింది. వెలుతురు, మనిషి ఆకారం తెలుస్తాయి, అక్షరం తెలియదు. జీవితమంతా ప్రసంగాల్లో చెప్పినవి ఒక పుస్తకంగా రావాలని ఆయన కోరిక. ధైర్యం, శ్రమ, జాతి స్వభావం అని మూడు భాగాలు. ఆయన తెలుగులో చెప్పాలి, నేను రాసుకోవాలి.

ఎనిమిదిన్నరకి మునిర్కాలో నా గది నుంచి బయల్దేరి తొమ్మిదింటికల్లా అక్కడుండేదాన్ని. ఆయన బాల్కనీలో పేము కుర్చీలో కూర్చునేవారు. పని పద్ధతి ఆయనే పెట్టారు. చెప్పింది నేను నోట్‌బుక్‌లో రాసుకుని, ఇంటికెళ్ళి టైపు చేసి, మర్నాడు మొదట అది వినిపించాలి. వింటున్నప్పుడు ఆయన మాట్లాడరు. కుర్చీ చేతి మీద చూపుడువేలితో ఒకసారి తడితే ఆగి మార్చాలని. రెండుసార్లు తడితే బాగుందని. ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చినా అంతే, ప్రతి పేజీ వినిపించాల్సిందే. "కళ్ళు లేనివాడికి సంతకం చెవితోనే అమ్మాయ్" అనేవారు.

మొదటి వారమే నా పేరాని పట్టుకున్నారు. ఆయన చెప్పింది పొడిపొడిగా ఉందనిపించి తల వంచని తరాన్ని మధ్యలో పెట్టాను. వేలు టక్కుమంది.

"ఇది నేనన్నానా?"

"లేదండి. కాస్త... ఊపు కోసం."

"ఊపు కావాలంటే ఉయ్యాలెక్కుతారు. తీసెయ్. తల వంచనివాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. వంచిన తల మళ్ళీ ఎత్తినవాళ్ళు ఇద్దరు ముగ్గురు తెలుసు. వాళ్ళ గురించి రాద్దాం."

అప్పట్నుంచి నాకు ఇంకో నోట్‌బుక్ అవసరమైంది. పుస్తకం కోసం కాకుండా మధ్యమధ్య ఆయన అన్నవి రాత్రి నా డైరీలో రాసుకునేదాన్ని. ఒకరోజు శ్రమ గురించి చెబుతూ అన్నారు: "మన దేశం సోమరి దేశమని వేదికల మీద నేనే ఎన్నిసార్లో తిట్టాను. అబద్ధం. నువ్వు పొద్దున మెట్రోలో వస్తావు కదా, ఒంటికాలి మీద నిలబడి నిద్రపోయేవాళ్ళని చూడవూ? శ్రమకి మనకేం కరువు లేదు. శ్రమ ఒకరిదీ దండ ఒకరిదీ, అక్కడ పోతోంది మన పరువు."

ఇంకోరోజు జాతి స్వభావం గురించి. ఆ అధ్యాయం కోసం నేను పెద్ద పెద్ద మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆయన వాటిని పక్కన పెట్టమన్నారు. తర్వాత, "జాతి స్వభావం జెండా ఎగరేసే చోట కనపడదు. ఏదైనా చెడి, తలుపులేసి, ఇది ఎవరి వల్ల అని అడిగే గది ఒకటుంటుంది చూడు, అక్కడ కనపడుతుంది. ఆ గదిలో అందరూ కింద కూర్చున్నవాడి వైపు చూస్తారు. పైన కూర్చున్నవాడు 'నా వల్ల' అనే అలవాటు వచ్చిన రోజున ఆ జాతికి స్వభావం ఉన్నట్టు. రాసుకో."

రాసుకున్నాను. మంచి వాక్యం దొరికిందని సంబరపడ్డాను. అది ఆయన ఎక్కణ్ణుంచి తెచ్చి చెప్పారో నాకు తట్టలేదు.

మూడో భాగం చివర

పుస్తకం దాదాపు పూర్తయింది. మూడో భాగం నిండుగా, ఎత్తుగా ముగిసింది. ఆ రోజు నేను నోట్‌బుక్ మూయబోతుంటే, "ఉండు, ఇంకోటుంది" అన్నారు. ఎప్పుడూ మాటకీ మాటకీ మధ్య ఆగే మనిషి ఆ రోజు ఆగలేదు. ఎన్నేళ్ళుగానో మనసులో కూర్చుకుని పెట్టుకున్నట్టు ఏకధాటిగా చెప్పారు. చెప్పింది చెప్పినట్టు ఇది:

"ధైర్యం గురించి ఇన్ని పేజీలు చెప్పినవాణ్ణి, నాకది లేని రోజు గురించి కూడా చెప్పాలి. రాష్ట్రంలో వైద్యమంత్రిగా ఉండగా, తుఫాను తర్వాత, ఒక చిన్న ఊరి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. వాంతులు, విరేచనాలతో వచ్చిన పిల్లల్ని వరండాలో కూడా పడుకోబెట్టారు. మేకల రూతమ్మ అనే నర్సు నాకు అడ్డం నిలబడి, సెలైన్ సీసాలు అయిపోయాయని చెప్పి, ఏమేం కావాలో రాసిన కాగితం నా చేతిలో పెట్టింది. పై డాక్టరు ఊళ్ళో లేడు. రేపు పొద్దున్నకల్లా వస్తాయన్నాను. కాగితం జేబులో పెట్టుకున్నాను. మర్చిపోయాను. మూడో రోజు గుర్తొచ్చేసరికి ఆ వరండాలో కొందరు పిల్లలు లేరు. విచారణలో, నర్సు మందులు అడగనే లేదని తేల్చారు. ఆసుపత్రి రిజిస్టర్లో ఆ కాగితం లేదు, అది నా దగ్గరుంది. నేను ఆ గదిలోనే కూర్చుని ఉన్నాను. నోరు విప్పలేదు. ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె అడిగింది. నాకే ఇచ్చింది. తప్పు నాది."

నేను తల ఎత్తలేదు. రాయడం అయిపోయినా పెన్ను ఇంకా కదులుతున్నట్టు నటించాను.

"రాశావా?"

"రాశానండి."

"ఆవిడ ఢిల్లీలోనే ఉందట. చర్చి పాస్టరు గారి ద్వారా అడ్రసు కనుక్కున్నాను. పుస్తకం రాగానే మొదటి కాపీ ఆవిడకి. నువ్వే తీసుకెళ్ళాలి."

అడ్రసు చీటీ నా చేతికిచ్చారు. మునిర్కా. మా గల్లీకి మూడు గల్లీల అవతల. చూడగానే మనిషి ఎవరో తెలిసింది. మా చుట్టుపక్కల అద్దెగదుల పిల్లలందరూ జ్వరమొస్తే పరుగెత్తేది ఆవిడ దగ్గరికే. బీపీ చూస్తుంది, డాక్టరు రాసిచ్చిన ఇంజెక్షన్ చేస్తుంది, అన్నం తినలేదని తిడుతుంది. సిస్టర్ ఆంటీ అంటారు. ఆవిడకో పేరుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

భోజనాల బల్ల

పెద్దాయన కూతురు వసుధ మేడమ్. ఢిల్లీలోనే పెరిగారు. తెలుగు చదవగలరు, అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే ఎక్కువ వస్తుంది. తండ్రిని చంటిపిల్లాడిలా చూసుకుంటారు. ఆమెను చెడ్డమనిషిగా చూపించడం నా ఉద్దేశం కాదు.

చివరి పేజీలు టైపు చేసి తెచ్చిన రోజు ఆమె నన్ను భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆ పేరా ఉన్న కాగితాన్ని పక్కకి తీశారు. బాల్కనీలోకి వినపడకుండా గొంతు తగ్గించారు.

"బేటా, యే వాలా నహీ. ఇది వెళ్ళదు."

"మేడమ్, సార్ చెప్పారు..."

"పాపా చాలా చెప్తారు. అరవై ఏళ్ళు కష్టపడ్డారు ఆయన. తెలుసు కదా, రేపు ఈ బుక్‌లో ఇంకేదీ ఎవరూ చదవరు. బస్, ఈ ఒక్క పేజ్ ఫొటో తీసి అందరికీ పంపుతారు. ఆయన పోయాక ఇదే మిగలాలా? తుమ్ బతావో, నువ్వే చెప్పు."

నేను మిగతా కాగితాలు సర్దాను.

"ఆయనకి చెప్పొద్దు. దుఃఖపడతారు. మర్చిపోతార్లే. ఠీక్ హై?"

ఠీక్ హై అన్నాను.

నోరు పెగల్లేదని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అందులో నిజం సగమే. మిగతా సగం ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి తెలియాలి కాబట్టి చెబుతున్నాను. ఆ పేరా పుస్తకాన్ని పాడు చేస్తుందని నాకూ అనిపించింది. పుస్తకం ఎత్తు మీద ముగియాలనీ, విచారణ గది గురించి ఆయన చెప్పిన వాక్యంతో ముగిస్తే అందంగా ఉంటుందనీ, ఈ సెలైన్ సీసాలూ జేబులో కాగితమూ వచ్చి నడక చెడిపోయిందనీ అనుకున్నాను. చిన్నప్పట్నుంచి పుస్తకాలు చదివి పెంచుకున్న నా అభిరుచి అలా చెప్పింది. పిరికితనం ఒక్కటే ఉంటే బహుశా ఎదురుతిరిగేదాన్నేమో. అభిరుచి కూడా తోడు రావడంతో నాకు చాలా సుళువైపోయింది.

చివరి ప్రూఫు వచ్చింది. మూడు ఉదయాలు వినిపించాను. మూడో ఉదయం ప్రూఫు కాగితాలు పైన, నోట్‌బుక్ కింద పెట్టుకుని కూర్చున్నాను. అచ్చులో పుస్తకం అయిపోయిన చోట కాగితం తిప్పిన చప్పుడు చేసి, నోట్‌బుక్ తీసి, అందులోంచి ఆ పేరా చదివాను. ఒక్క మాట పొల్లుపోకుండా చదివాను. గొంతు కూడా వణకలేదు.

ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు. తర్వాత వేలు రెండుసార్లు తట్టింది.

మూడు గల్లీల దూరం

పుస్తకం ఒక తెలుగు సంఘం హాల్లో విడుదలైంది. పూలదండలు, ఫొటోలు. వచ్చినవాళ్ళు ధైర్యం గురించి చాలా చెప్పారు. అందులో ఒకరిద్దరివి కరోల్ బాగ్ కాగితాలేనని నాకు అర్థమైంది.

మర్నాడు పెద్దాయన మొదటి కాపీ మీద సంతకం పెట్టారు. వరస కనపడక అక్షరాలు ఏటవాలుగా పైకి పోయాయి. 'రూతమ్మ సిస్టర్‌కి, చివరి పేజీ చదవమని ప్రార్థన' అని రాశారు. నా చేతిలో పెట్టి, నా చెయ్యి మూసి తట్టారు.

ఆ పుస్తకం మూడు వారాలు నా సంచిలో తిరిగింది. మునిర్కా నుంచి సాకేత్‌కి, సాకేత్ నుంచి మునిర్కాకి. సిస్టర్ ఆంటీ గల్లీ మీదుగా వెళ్ళకుండా కూరగాయల బండ్ల వైపు నుంచి చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని.

"ఇచ్చావా అమ్మాయ్?" అని అడిగారొకరోజు.

"ఇచ్చానండి."

"ఏమంది?"

ఇక్కడైనా ఆగి ఉండాల్సింది. ఈ ఎనిమిదేళ్ళలో వేరేవాళ్ళ నోట్లో మాటలు పెట్టడం అలవాటైపోయింది. "చదివి కళ్ళు తుడుచుకున్నారండి. మంచిది అని చెప్పమన్నారు" అన్నాను.

ఆయన మొహంలో వచ్చిన మార్పు నేను డైరీలో రాయలేకపోయాను. ఇప్పుడూ రాయలేను.

"అయితే నేనూ ఒకసారి వెళ్ళి కూర్చుంటాను. ఇప్పుడు వెళ్ళడానికి మొహముంది" అన్నారు.

వద్దనడానికి నేను చెప్పిన సాకులు అన్నీ ఇన్నీ కావు. ఎండ అన్నాను, కారు లోపలికి వెళ్ళదన్నాను, మెట్లున్నాయన్నాను. గ్రౌండ్ ఫ్లోర్ అని పాస్టరు గారు ముందే చెప్పారట. ఒక శుక్రవారం పదకొండింటికి కారు పెద్దరోడ్డు మీద ఆపి, ఆయన ఒక చేత్తో కర్రా, ఒక చేత్తో నా భుజమూ పట్టుకుని గల్లీలోకి నడిచారు. పైన తీగలు గుబురుగా అల్లుకుని ఉంటే, "నీడ బాగుందే, చెట్లా?" అన్నారు. కాదండీ, కరెంటు తీగలు అన్నాను. నవ్వారు. ఆ నవ్వు అయ్యేలోపు చెప్పేద్దామనుకున్నాను. "సార్, ఒక మాట..." అన్నాను. "వచ్చాక చెప్పు, ఇప్పుడు అడుగు చూసుకోనీ" అన్నారు. నేను హాయిగా ఊరుకున్నాను.

రూతమ్మ గారు తలుపు తీసి ఆయన్ని గుర్తుపట్టి, పక్కకి జరిగి దారిచ్చారు. డెబ్బై దాటిన మనిషి, వెన్ను నిటారుగా ఉంది. ఒక మంచం, ఒక కుర్చీ, గోడకి శిలువ, కిటికీలో బీపీ మిషను. కుర్చీ ఆయనకిచ్చి మంచం మీద కూర్చున్నారు.

"పుస్తకం చదివారట. అమ్మాయి చెప్పింది" అన్నారాయన. "అందుకే రాగలిగాను."

"ఏ పుస్తకం సార్?"

నేను సంచి తెరిచాను. ఇంకేం చేయాలో తెలియలేదు. ఆవిడ పుస్తకం అందుకుని, కళ్ళజోడు పెట్టుకుని, సంతకం దగ్గర ఆగి, ఏటవాలు అక్షరాలు కూడబలుక్కుని, చివరి పేజీ తీశారు. గట్టిగా చదివారు. విచారణ గది వాక్యం వచ్చింది. ఆగిపోయారు.

"ఊఁ, తర్వాత?" అన్నారు పెద్దాయన.

"ఇంతే ఉంది సార్."

"ఇంకో పేజీ తిప్పండి."

"అట్టే ఉంది సార్, తర్వాత."

ఆయన మొహం నేనున్న వైపు తిరిగింది. "నువ్వు చదివి వినిపించావు కదా."

"నోట్‌బుక్‌లోంచి చదివానండి."

గల్లీలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేయడానికి తంటాలు పడుతున్నారు. అది స్టార్టయి వెళ్ళిపోయింది. తర్వాత ఆయన ఆ పేరా నోటితో చెప్పారు. నేను రాసుకున్న మాటలే, అదే వరసలో. "తప్పు నాది" దాకా చెప్పారు.

రూతమ్మ గారు విన్నారు. కళ్ళు తుడుచుకోలేదు.

"నాకెందుకు చెప్తన్నారు సార్? నాకు తెల్సు గదా. ఆ కాగితం మీ చేతిలో పెట్టింది నేనే." కోపంగా అనలేదు, రోగికి సంగతి చెప్పినట్టు అన్నారు. "ఆ పిల్లల తల్లులు ఇప్పటికీ నేను మందు అడగలేదనే అనుకుంటన్నారు. అందుకే కదా ఆ ఊరు మళ్ళీ తొక్కలేదు నేను. మా అమ్మ పోతే కూడా పోలేదు. చెప్పేదేదో వాళ్ళకి చెప్పండి. తెలీనోళ్ళకి చెప్పండి."

"చెబుతాను" అన్నారాయన.

"టీ తాగుతారా?"

"ఇప్పుడు కాదు సిస్టర్. చెప్పాక వచ్చి తాగుతాను."

తిరిగి కారు దాకా నా భుజం పట్టుకునే నడిచారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. కారెక్కే ముందు ఆగి అన్నారు: "కాగితం దాచే పని నేను చేసేనాటికి నాకు నలభై ఏళ్ళు. నువ్వు ముప్పైకే చేసేశావ్. తొందరపడ్డావమ్మాయ్." ఆ మాటలో వెటకారమూ ఉంది, జాలి కూడా ఉంది. "సోమవారం ఒక విలేకరిని పిలిపించు. ఈసారి నువ్వు రాయొద్దు. నేనే చెబుతాను."

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేస్తుండగా ఆయన కుర్చీలో పక్కకి ఒరిగిపోయారు. పక్షవాతం. ప్రాణం దక్కింది, మాట పోయింది. మనం చెప్పేది అర్థమవుతుంది, తాను చెప్పలేరు. కుడివైపు కదలదు.

ఈ కాగితాలు ఎవరికి

ఆ వారమే నేను పని మానేశాను. అది ప్రాయశ్చిత్తమని అనను. పారిపోవడమే. ఏడాదిన్నర ఒక లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని చేసుకుంటూ, నోట్‌బుక్‌ని పెట్టె అడుగున పెట్టి, దాని మీద చీరలు పెట్టి బతికాను. టైపు చేసింది అప్పుడే తీసేశాం కాబట్టి ఆ పేరా మిగిలింది ప్రపంచంలో ఆ ఒక్క చోటే. షార్ట్‌హ్యాండ్ లాంటి నా పొట్టి రాత నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన జేబులో కాగితం ఎలా ఉండిపోయిందో, నా పెట్టెలో ఇదీ అలాగే ఉంది. ఈ పోలిక నాకు తట్టడానికి ఏడాదిన్నర పట్టింది.

ఆ అమ్మాయి ఫోన్ వచ్చాక, రాసేది ఆమెకి పంపి ఊరుకోకుండా అచ్చుకే ఇద్దామని, మొదట రూతమ్మ గారి దగ్గరికి వెళ్ళాను. మూడు గల్లీలు, ఈసారి చుట్టూ తిరగలేదు. "ఆంటీ, నేను రాస్తే మీకు అభ్యంతరమా? పేరు మార్చి రాయమంటే మారుస్తాను" అన్నాను.

"మారిస్తే ఇంక రాయడమెందుకు పాపా? ఇంటిపేరుతో రాయి" అన్నారు. నన్ను ఎగాదిగా చూసి, "ఎంత చిక్కిపోయావ్, తింటన్నావా?" అన్నారు.

తర్వాత వసుధ మేడమ్‌కి ఫోన్ చేశాను. అనుమతి అడగలేదు. "ఆ పేరా అచ్చుకిస్తున్నాను మేడమ్. ముందు సార్‌కి వినిపించాలి" అన్నాను. గొంతు వణికింది. అవతల చాలాసేపు నిశ్శబ్దం. నా పాత అలవాటు ప్రకారం ఆ నిశ్శబ్దాన్ని నేనే 'పర్లేదులెండి మేడమ్' అంటూ నింపేదాన్ని. నింపలేదు.

"శనివార్ ఆజావో" అన్నారు చివరికి.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. వినిపించేటప్పుడు అచ్చుకి వెళ్ళే కాగితమే చేతిలో ఉండాలి. శనివారం నా చేతిలో ఇంతవరకు రాసిన ఈ కాగితాలే ఉన్నాయి. పెద్దాయన అదే బాల్కనీలో, అదే పేము కుర్చీలో ఉన్నారు. బాగా తగ్గిపోయారు. వసుధ మేడమ్ తలుపు దగ్గర నిలబడ్డారు. నేను మొదటి వాక్యం నుంచి చదివాను. ఉడుకు రక్తం పేరా దగ్గర ఆయన పెదవి ఒకవైపు నవ్వింది. భోజనాల బల్ల దగ్గరికి వచ్చేసరికి నాకు మేడమ్ వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. ఆపకుండా మాత్రం చదివాను.

ఆయన పేరా మధ్యలో, 'మర్చిపోయాను' తర్వాత, నేనొక వాక్యం చేర్చి ఉన్నాను. 'ఆ రోజుల్లో నిద్రాహారాలు లేకుండా తిరుగుతున్నాను' అని. ఆయన చెప్పలేదు. మాట లేని మనిషి మీద జాలితో నేనే పెట్టాను.

ఎడమచేతి వేలు టక్కుమంది. ఒకసారి.

ఆగాను. పెన్ను తీసి ఆ వాక్యం కొట్టేసి, కొట్టేశానని చెప్పి, పేరా మళ్ళీ మొదట్నుంచి చదివాను. ఆమె అడిగింది. నాకే ఇచ్చింది. తప్పు నాది.

మేడమ్ వచ్చి ఆయన భుజం మీద జారిన శాలువా సర్దారు. పేము కుర్చీ మీద వేలు రెండుసార్లు తట్టింది.